కొన్సుయెగ్రా గాలిమరలు: డాన్ కిహోటే దండెత్తింది వీటి మీదేనా?

స్పెయిన్ గురించి ఎక్కడ చూసినా కనిపించే ఫొటో ఒకటుంది. చెట్టూచేమా లేని బోడిగుట్ట, దాని వెన్నుమీద వరసగా తెల్లటి గాలిమరలు, వాటి మధ్యలో మట్టిరంగు కోట. కింద "డాన్ కిహోటే పోట్లాడిన గాలిమరలు ఇవే" అని రాసి ఉంటుంది. ఆ ఊరు కొన్సుయెగ్రా. గాలిమరలను రాక్షసులనుకుని వాటి మీదికి దూకిన ఆ కిహోటే, సెర్వాంటెస్ అనే స్పెయిన్ రచయిత నవల్లోని నాయకుడు. ఆ నవల కాస్త తెలిసినవాళ్లు ఈ ఫొటో చూసి "అవి ఇక్కడ కాదు, క్రిప్తానా అనే ఊళ్లో ఉన్నాయి" అంటారు. ఇంకొందరు "అసలు అవేవీ పాతవి కావు, టూరిస్టుల కోసం మళ్లీ కట్టినవే" అని తీసిపారేస్తారు.

ముగ్గురి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంది. చిక్కల్లా వాళ్లు మూడు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఒకే ప్రశ్న మీద వాదించుకుంటున్నామని అనుకోవడమే. నవల రాసినాయన మనసులో ఏ ఊరు ఉందన్నది ఒక ప్రశ్న. గుట్ట మీది కట్టడాలు ఎంత పాతవన్నది రెండోది. బాగుచేసి నిలబెట్టినదాన్ని "అసలుది" అనొచ్చా అన్నది మూడోది. ఒక్కోదాన్ని విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు పోతుంది.

కొన్సుయెగ్రా మాడ్రిడ్‌కు దక్షిణాన, టొలెడో జిల్లాలో ఉంది. జనాభా సుమారు 10 వేలు. చుట్టూ లా మంచా అనే పెద్ద మైదానం: గోధుమ, ద్రాక్ష, ఆలివ్ తోటలు. ఊరిని ఆనుకుని లేచే కాల్దెరికో గుట్ట మీద ఒకప్పుడు 13 గాలిమరలు ఉండేవి, ఇప్పుడు 12 మిగిలాయి.

కోట వయసు వేరు, మరల వయసు వేరు

ఫొటోలో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కోట, మరలు ఒకే కాలానివని చూసినవాళ్లు అనుకుంటారు. నిజానికి వాటి మధ్య కొన్ని శతాబ్దాల దూరం ఉంది.

ఇక్కడి కోటకు లా ముయెలా కోట అని పేరు. ముస్లిం పాలకుల కాలంలో, 10వ శతాబ్దంలో ఇక్కడ కోట ఉండేదని చెబుతారు. టొలెడో నగరం 1085లో క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సో చేతికి వచ్చాక ఈ ప్రాంతం సరిహద్దు అయింది. సరిహద్దు అంటే గీత కాదు, రెండు పక్షాలూ ఏటా దాడులు చేసుకునే ఖాళీ నేల. 1097 ఆగస్టు 15న కొన్సుయెగ్రా దగ్గర జరిగిన యుద్ధంలో ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్ సేనలు అల్ఫోన్సోను ఓడించాయి. స్పెయిన్ వీరగాథల నాయకుడు ఎల్ సిద్ ఒక్కగానొక్క కొడుకు దియేగో ఆ పోరులోనే చనిపోయాడు. రాజు కోటలోకి వెళ్లి తలదాచుకున్నాడు. ఇప్పటికీ ఏటా ఆగస్టులో ఊరివాళ్లు మధ్యయుగపు వేషాలు కట్టి ఈ యుద్ధాన్ని ఆడి చూపిస్తారు.

మనకు కనిపించే కోట రూపం ఆ తర్వాతిది. 1183లో ఎనిమిదో అల్ఫోన్సో ఈ ఊరిని సెయింట్ జాన్ ఆర్డర్‌కు, అంటే హాస్పిటలర్లకు ఇచ్చేశాడు. వీళ్లు సన్యాస దీక్ష తీసుకున్న యోధులు. జెరూసలేంలో యాత్రికుల వైద్యశాలతో మొదలై, కత్తి పట్టి, ఆ తర్వాత యూరప్ అంతటా భూములు సంపాదించిన సంస్థ వాళ్లది. రాజుకు వాళ్లతో లాభం ఉంది. సరిహద్దును సొంత ఖర్చుతో కాపాడేవాళ్లు దొరికారు. బదులుగా వాళ్లకు భూమి, పన్నులు వచ్చేవి. లా మంచాలోని వాళ్ల ఏలుబడికి కొన్సుయెగ్రాయే ముఖ్యస్థానం. 17వ శతాబ్దంలో రాజు నాలుగో ఫిలిప్ అక్రమ సంతానమైన హువాన్ హోసే ఇక్కడ పెద్ద ప్రియర్ (ఆ సంస్థకు ఇక్కడి అధిపతి) హోదాలో కొన్నాళ్లు ఉన్నాడు.

ఇలాంటి కోటలో ముందు చూడాల్సింది నీళ్ల సంగతి. గుట్ట మీద బావి తవ్వితే నీళ్లు పడవు. అందుకే వాన నీటిని పట్టి ఉంచే తొట్టి లోపలే కట్టుకున్నారు. ముట్టడిలో కోట ఎన్నాళ్లు నిలబడుతుందో గోడల మందం కంటే ఆ తొట్టి లోతే ఎక్కువ చెబుతుంది. నెపోలియన్ సైన్యాలతో 1808 నుంచి 1814 దాకా సాగిన యుద్ధంలో కోట బాగా దెబ్బతింది. తర్వాత మత సంస్థల ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు దిక్కులేనిదైంది. ఊరి పురపాలక సంఘం చేతికి వచ్చాక, 20వ శతాబ్దం రెండో సగంలో విడతలు విడతలుగా మరమ్మతు మొదలైంది.

మరల కథ దీనికి చాలా తర్వాత మొదలవుతుంది. లా మంచాలో గాలిమరలు విరివిగా కనబడేది 16వ శతాబ్దం నుంచే. కొన్సుయెగ్రాలో ఇప్పుడు నిలబడి ఉన్నవాటి వయసును 16 నుంచి 19వ శతాబ్దం దాకా రకరకాలుగా చెబుతారు. గాలి బాగా తగిలే ఆ గుట్టను మర వాడుకోవడం, దూరం బాగా కనిపించే అదే గుట్టను కోట ముందే వాడుకోవడం, ఇవి రెండూ ఎత్తు కోసం వచ్చినవే. ఒకదాని కోసం ఇంకొకటి కట్టింది కాదు.

నది ఉండగా గాలితో పనేంటి

మామూలుగా పిండి ఆడించడానికి నీటి మరే మేలు. నీరు ఒకే దిక్కు నుంచి వస్తుంది, చెప్పాపెట్టకుండా ఆగదు. కొన్సుయెగ్రా మధ్యలోంచి అమర్గీయో అనే చిన్న ఏరు కూడా పోతుంది. మరి గుట్టెక్కి గాలిని పట్టుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

లా మంచాలోని ఏరుల తీరే దీనికి జవాబు. గోధుమ కోత వేసవిలో. గింజలు ఇంటికి చేరి, పిండి కావలసిన రోజుల్లోనే ఏరులో నీళ్లు అడుగంటుతాయి. నీటి మర ఉన్నా తిరగదు. గాలి అలా కాదు, ఎండాకాలంలోనూ వీస్తుంది. చెట్లు తక్కువైన మైదానం కాబట్టి దానికి అడ్డం కూడా లేదు.

ఈ ఏరును చూసి చిన్నచూపు చూడటం కూడా పొరపాటే. 1891 సెప్టెంబరు 11 రాత్రి అమర్గీయో ఒక్కసారిగా పొంగి ఊరి మీద పడింది. 359 మంది చనిపోయారు. మర తిప్పడానికి చాలని ఏరే ఇళ్లను ఊడ్చుకుపోయింది.

ఇక గాలిమర అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద రెండు వాదనలు ఉన్నాయి. మధ్యధరా తీరంలో, ముఖ్యంగా రోడ్స్ దీవిలో ఉన్న అనుభవంతో హాస్పిటలర్లే తెచ్చారన్నది ఒకటి. అప్పట్లో స్పెయిన్ రాజవంశం కిందే ఉన్న ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచి వచ్చిందన్నది రెండోది. మొదటిది వినడానికి అందంగా ఉంటుంది, కోటను మరలతో కలిపేస్తుంది. బహుశా అందుకే అంతగా ప్రచారంలో ఉంది. ఫలానా వాళ్లే తెచ్చారని తేల్చేంత సాక్ష్యం మాత్రం రెండు వైపులా లేదు.

రెక్క నుంచి పిండి దాకా

బయటి నుంచి చూస్తే గాలిమర అంటే రెక్కలే. లోపలికి వెళ్తే అసలు తెలివి పైకప్పులో ఉందని తెలుస్తుంది.

రాతితో కట్టి సున్నం వేసిన గుండ్రటి గోడ కదలదు. దాని మీద టోపీలా కూర్చున్న శంకువు ఆకారపు చెక్క కప్పు మాత్రం మొత్తంగా తిరుగుతుంది. నాలుగు రెక్కలు, వాటి ఇరుసు ఆ కప్పుకే బిగించి ఉంటాయి. గాలి దిక్కు మారితే రెక్కలను గాలికి ఎదురుగా నిలపాలి కాబట్టి కప్పును తిప్పాల్సిందే. దానికి కప్పు వెనక నుంచి నేల దాకా ఏటవాలుగా దిగే పొడవాటి దూలం ఒకటి ఉంటుంది. మర చుట్టూ నేలలో రాళ్లు పాతి ఉంటాయి. దూలం చివరకు తాడు కట్టి, ఆ తాడును ఒక రాయికి చేర్చి, చేతితో తిప్పే రాట్నం లాంటి దానితో లాగితే టన్నుల బరువున్న కప్పు మెల్లగా జరుగుతుంది. ఫొటోల్లో మర వెనక ఊతకర్రలా కనిపించేది ఈ దూలమే. చాలామంది దాన్ని గోడ పడిపోకుండా పెట్టిన ఆసరా అనుకుంటారు.

మర నడిపేవాడు లోపల ఉంటాడు. గాలి ఎటు మారిందో అతనికి ఎలా తెలుస్తుంది? పై అంతస్తు గోడలో చుట్టూ చిన్న చిన్న కిటికీలు ఉంటాయి, మామూలుగా 12. ఏ కిటికీలోంచి గాలి కొడుతోందో చూసుకుంటే చాలు. ఒక్కో దిక్కు గాలికి ఒక్కో పేరుంది: తూర్పు నుంచి వచ్చేది సొలానో, నైరుతి నుంచి వచ్చేది ఆబ్రెగో, ఉత్తరపు గాలి సియెర్సో, టొలెడో వైపు నుంచి వచ్చేది తొలెదానో. వెలుతురు కోసం పెట్టిన కిటికీలని అనుకుంటే మరలో సగం సంగతి తెలియకుండా పోతుంది.

రెక్కలంటే చెక్క చట్రాలే. వాటి మీద గుడ్డ పరిస్తేనే గాలి పట్టుతుంది. గాలి తక్కువైతే గుడ్డ మొత్తం పరుస్తారు, ఎక్కువైతే చుట్టేస్తారు. ఈ జాగ్రత్త ఎందుకో లెక్కలో చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 4 మీటర్ల గాలి 8 మీటర్లకు పెరిగిందనుకోండి: 2×2×2, అంటే 8. నెమ్మదిగా తిరుగుతున్న మర కాసేపట్లోనే ఇరుసు విరిచేసుకునే స్థితికి రావచ్చు. గాలివాన ముంచుకొస్తుంటే రెక్కల గుడ్డ విప్పడం ఆలస్యమైతే టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇరుసు మీద లోపలి వైపు పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. పళ్లు గట్టి ఓక్ చెక్కవి. అది పంజరం లాంటి చిన్న చక్రాన్ని తిప్పుతుంది, చిన్న చక్రం పై రాయిని తిప్పుతుంది. పెద్ద చక్రానికి 40 పళ్లు, చిన్నదానికి 8 కర్రలు ఉన్నాయని అనుకుందాం. 40ని 8తో భాగిస్తే 5. అంటే రెక్కలు నిమిషానికి 12 చుట్లు తిరిగితే రాయి 60 చుట్లు తిరుగుతుంది. రెక్కలు చూడ్డానికి బద్ధకంగా తిరుగుతున్నట్టున్నా పిండి జోరుగా పడటానికి కారణం ఇదే.

రాళ్ల పని మన తిరగలి లాంటిదే: కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, మధ్యలో గాడులు గింజను పగలగొట్టి పిండిని అంచుకు నెడతాయి. తేడా బరువులో, వేగంలో ఉంది. గాడులు అరిగినప్పుడు పై రాయిని ఎత్తి, తిరగేసి, ఉలితో మళ్లీ చెక్కాలి. మర నడిపేవాడు కూలి డబ్బుగా కాక గింజలుగా తీసుకునేవాడు. ఆడించిన ప్రతి బస్తాలోంచి కొంత భాగం అతనిది. అతను ఎక్కువ తీసుకుంటాడన్న అనుమానం ఊళ్లోవాళ్లకు ఎప్పుడూ ఉండేది.

నవల ఏ ఊరని చెప్పింది?

ఇప్పుడు అసలు తగాదా. సెర్వాంటెస్ నవల మొదటి భాగం 1605లో, రెండోది 1615లో వచ్చాయి. గాలిమరల ఘట్టం మొదటి భాగం 8వ అధ్యాయంలో ఉంది. పాత వీరగాథలు చదివి మతి తప్పిన కిహోటే మైదానంలో "ముప్పై నలభై" గాలిమరలను చూస్తాడు. అవి రాక్షసులని, రెక్కలే వాళ్ల చేతులని అంటాడు. వెంట ఉన్న సేవకుడు సాంచో వద్దని మొత్తుకుంటున్నా ఈటె పట్టుకుని గుర్రాన్ని దౌడు తీయిస్తాడు. రెక్క తగిలి ఈటె ముక్కలవుతుంది, మనిషీ గుర్రమూ కిందపడి దొర్లుతారు. ఊరి పేరు ఎక్కడా లేదు.

పేరు లేనందువల్లే ఒకటి కంటే ఎక్కువ ఊళ్లు ఆ గౌరవం తమదంటున్నాయి. వాటిలో ముఖ్యమైనవి కాంపో దె క్రిప్తానా, కొన్సుయెగ్రా, మోతా దెల్ కుయెర్వో.

క్రిప్తానా పక్షాన రెండు బలమైన ఆధారాలు ఉన్నాయి. రెండో ఫిలిప్ రాజు 1570లలో తన రాజ్యంలోని ఊళ్లకు ప్రశ్నలు పంపి తెప్పించిన జవాబుల్లో, అక్కడి గుట్ట మీద చాలా గాలిమరలు ఉన్నాయని క్రిప్తానా వాళ్లు చెప్పారు. అంటే నవలకు ముందే. 18వ శతాబ్దం మధ్యలో తీసిన లెక్కల్లో అక్కడ 34 మరలు ఉన్నాయి. "ముప్పై నలభై"కి ఇది సరిపోతుంది. కొన్సుయెగ్రాలో 13 కంటే ఎక్కువ ఉన్నాయని ఎవరూ అనడం లేదు.

కొన్సుయెగ్రా తరఫున చెప్పుకోగలిగింది దూరం. పడి లేచాక కిహోటే, సాంచో పుయెర్తో లాపిసె వైపు వెళ్తారు. ఆ ఊరు కొన్సుయెగ్రాకు నేరుగా కొలిస్తే 20 కిలోమీటర్లలోపే, క్రిప్తానాకు 30 దాటుతుంది. అయితే డొక్కు గుర్రం మీద కూడా రెండూ అందే దూరాలే కాబట్టి ఇదేమంత గట్టి వాదన కాదు.

మూడో వైపు నుంచి చూస్తే ఎవరి వాదనా నిలవదు. కిహోటే ఈసారి కూడా మొదటిసారి వెళ్లిన దారినే, మోంతియెల్ మైదానం మీదుగానే బయల్దేరాడని నవలే అంటుంది. ఆ ప్రాంతం ఈ ఊళ్లకు ఆగ్నేయంగా ఉంది. పుస్తకాన్ని అక్షరాలా పట్టుకుంటే రెండు ఊళ్లూ దారిలో పడవు. సెర్వాంటెస్ భూగోళం పాఠం రాయలేదు, చదివేవాడిని నవ్వించే కథ రాశాడు. ఆయన లా మంచాలో ఎక్కడో మరల గుంపును చూసి ఉంటాడు, చదువరులకూ అవి తెలుసు. పందెం కాయాల్సి వస్తే నేను క్రిప్తానా వైపే కాస్తాను. ఊరు ఒకటి ఉండి తీరాలన్న పట్టు మాత్రం పుస్తకానిది కాదు, యాత్రికులది.

పేర్లు చెప్పే సాక్ష్యం

కొన్సుయెగ్రా మరల్లో ఒక్కోదానికి పేరుంది. సాంచో, రూసియో (సాంచో గాడిద), మాంబ్రీనో, క్లావిలేన్యో, పచ్చకోటు పెద్దమనిషి. వీటిని చూసి "నవల ఇక్కడిదే" అనుకోవడం సులువు. కానీ పేర్లను కొంచెం పట్టి చూడండి. క్లావిలేన్యో అనే చెక్క గుర్రం, పచ్చకోటు పెద్దమనిషి, ఇద్దరూ వచ్చేది రెండో భాగంలో, 1615లో. కాబట్టి ఆ పేర్లు మరలకు ఆ తర్వాతే తగిలాయి. నవల మరలను చూసి రాసిందనడానికి అవి సాక్ష్యం కావు. మరలు నవలను చూసి పేరు పెట్టుకున్నాయనడానికే సాక్ష్యం.

మిగతా పేర్లలో వేరే ఛాయ ఉంది: బొలేరో, చిస్పాస్, మొచీలాస్, అల్కాన్సియా, కార్దెన్యో, విస్తా అలేగ్రె, ఎస్పార్తేరో. వీటిలో చాలావాటిలో ఊళ్లో పిలుచుకునే పేర్ల వాసన వస్తుంది.

"అసలుది" అంటే ఏది

రోలర్ మిల్లులు, కరెంటు వచ్చాక గాలిమరలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆగిన మర తొందరగా పాడవుతుంది. కప్పు చెక్కది కాబట్టి వానకు కుళ్లుతుంది, కప్పు పోతే గోడలోకి నీళ్లు దిగుతాయి. కొన్సుయెగ్రాలో 20వ శతాబ్దంలో వీటిని మళ్లీ నిలబెట్టారు. కొన్నిటి లోపల ఇప్పుడు యంత్రమే లేదు. బొలేరోలో టూరిస్టు సమాచార కేంద్రం నడిచింది. సాంచోలో మాత్రం పాత తరహా యంత్రం ఉంది, ఏడాదికోసారైనా గోధుమ ఆడిస్తుంది. క్రిప్తానాలో ఇలా 16వ శతాబ్దపు యంత్రం మిగిలినవి మూడు: ఇన్ఫాంతో, బుర్లేతా, సార్దినేరో.

పాత కట్టడాలను బాగుచేయడంపై 1964లో వెనిస్‌లో కుదిరిన ఒప్పంద పత్రం ఒక గట్టి నియమం పెట్టింది: ఊహ ఎక్కడ మొదలవుతుందో అక్కడ మరమ్మతు ఆగాలి. కోట విషయంలో ఈ నియమాన్ని పాటించడం సాధ్యమే. ఏ రాయి పాతది, ఏది కొత్తది అని గుర్తుపట్టేలా కట్టొచ్చు. కూలిన బురుజును కూలినట్టే ఉంచొచ్చు.

మర దగ్గరకొచ్చేసరికి ఆ నియమం ఇబ్బంది పెడుతుంది. 1700లో మర నడిపినవాడు రెక్క గుడ్డలు మార్చాడు, విరిగిన పళ్లు కొత్తగా చెక్కాడు, దూలాలు మార్చాడు, అరిగిన రాళ్లు మార్చాడు. వందేళ్లు నడిచిన మరలో మొదటిరోజు చెక్క ఎంత మిగులుతుంది? అంటే పాత సామగ్రి మిగలడమే అసలుతనమైతే, బాగా పనిచేసిన మరే తక్కువ అసలుదని తేలుతుంది. ఇది కాస్త వింతగా లేదూ? 1994లో జపాన్‌లోని నారాలో రాసుకున్న పత్రం ఈ ముడిని కొంత సడలించింది. సామగ్రి ఒక్కటే కాదు, వాడకం, పనితనం, స్థలం కూడా అసలుతనంలో భాగమేనని, ఏ సంస్కృతికి తగ్గట్టు ఆ సంస్కృతిలో చూడాలని అంది.

ఆ కొలతతో చూస్తే సాంచో మర, ఎన్ని ముక్కలు మారినా, అసలు మరే: దాన్ని ఆడించడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. లోపల ఖాళీగా ఉన్న తెల్ల గోడ మాత్రం మర ఆకారంలో ఉన్న గది. ఇలా అంటే ఊరివాళ్లకు నచ్చకపోవచ్చు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది: 12 మరలూ నిలబడి ఉండటం వల్లే గుట్ట రూపురేఖ మిగిలింది, దాన్ని చూడటానికి వచ్చేవాళ్ల టికెట్ డబ్బుతోనే సాంచో యంత్రానికి నూనె పడుతోంది.

అక్టోబరు చివర ఏం జరుగుతుంది

ఏటా అక్టోబరు చివరి వారాంతంలో ఊళ్లో కుంకుమపువ్వు పండగ జరుగుతుంది, 1963 నుంచి. పొలాల్లో ఊదారంగు పూలు విచ్చే రోజులివి. తెల్లారకముందే పూలు కోసి, ఇంటికి తెచ్చి, ఒక్కో పువ్వులోంచి మూడే మూడు ఎర్ర కేసరాలను చేత్తో గిల్లాలి. గ్రాము కుంకుమపువ్వుకు 150 పూల దాకా పడతాయి. ఇక్కడ కేసరాలను సన్నటి జల్లెడలో పరిచి నిప్పుల సెగన వేయిస్తారు. ఎండలోనో నీడలోనో ఆరబెట్టే కాశ్మీరు పద్ధతికి ఇది వేరు. పండగలో కేసరాలు గిల్లే పోటీ పెడతారు. బల్లల ముందు కూర్చున్న పెద్దవాళ్ల వేళ్లు చూస్తుంటే కళ్లు తిరుగుతాయి.

సాంచో మర ఆ రోజుల్లోనే తిరుగుతుంది. రెక్కల మీద గుడ్డ పరిచి, కప్పును గాలికి తిప్పి, "శాంతి పిండి" పేరుతో గోధుమ ఆడిస్తారు. మామూలు రోజుల్లో వెళ్లినవాళ్లకు రెక్కలు కదలకుండా కనిపించడానికి కారణం పాడైపోవడం కాదు, గుడ్డ లేకపోవడం. పండగకు ఏటా ఒక అమ్మాయిని దుల్సినేయాగా ఎన్నుకుంటారు. కిహోటే మనసు పడ్డ ఆ దుల్సినేయా నవల మొత్తంలో ఒక్కసారి కూడా నేరుగా కనిపించదు. కొన్సుయెగ్రాలో మాత్రం ఏడాదికొకసారి తలపాగా, లేసు బట్టలు కట్టుకున్న వాళ్ల మధ్య వేదికెక్కి అందరికీ చెయ్యి ఊపుతుంది.